ఆర్నెల్ల కాపురం

ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దవాళ్ళ మాట. ఆ ఆర్నెల్ల లెక్క అమెరికా వాళ్ళ చెవిన ఎవరు వేశారోగాని, మా అత్తయ్య జీవితంలో ఏడేళ్ళపాటు అదే నడిచింది. ఆవిడ కాలెండర్లో పండగలూ, తిథులూ ఒకవైపు. ‘ఈ తారీఖుకి నూట ఎనభై రోజులు’ అని మా వదిన ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నా ఒకవైపు.

అత్తయ్యంటే మా నాన్నగారి చెల్లెలు. పుట్టిల్లు గుడివాడ. మెట్టినిల్లు దివిసీమలో, నాగాయలంకకి దిగువన, సముద్రపు గాలి ఉప్పగా తగిలే ఒక పల్లెటూరు. మామయ్య 2011లో పోయారు. ఒక్కతే కూతురు. నాకంటే కాస్త పెద్దది, నేను వదినా అని పిలుస్తాను. పెళ్ళయి అమెరికాలో స్థిరపడింది. 2012లో అక్కడి పౌరసత్వం చేతికి రాగానే చేసిన మొదటి పని అమ్మకి గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు పెట్టడం. 2013 వేసవిలో అత్తయ్య ఆ దేశంలో శాశ్వత నివాసిగా కాలు పెట్టింది.

శాశ్వతం అన్న మాట విని పాపం ఆవిడ చాలా నిశ్చింతగా ఉంది. “ఇంక ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఎళ్ళొచ్చు, రావచ్చు, అడిగేవాడు లేడు” అని ఊరంతా చెప్పుకుంది. అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు ఇచ్చారంటే శాశ్వతంగా అక్కడే ఉండాలని కూడా అర్థమని ఆవిడకి తెలీదు. ఆ మాటకొస్తే నాకూ తెలీదు. ఆవిడ కాగితాలు చదివి పెట్టే పని నామీద పడ్డాక తెలుసుకున్నదే ఇదంతా. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపానికి, ఏ కాగితం చేతికొచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వందే నాకు నిద్రపట్టదు.

ఆ కార్డు పుట్టుక 1940లో. యుద్ధం ముంచుకొస్తుంటే తమ దేశంలో పరాయివాళ్ళు ఎందరున్నారో లెక్క తేల్చుకోవాలని అమెరికా ఒక చట్టం చేసి, విదేశీయులంతా పోస్టాఫీసులకు వెళ్ళి పేరు రాయించుకుని, వేలిముద్రలు ఇవ్వాలంది. అప్పుడిచ్చిన రసీదే దీనికి ముత్తాత. యుద్ధం అయ్యాక శాశ్వత నివాసులకి వేరే కార్డు పెట్టారు. అది ఆకుపచ్చ కాగితం మీద ఉండేది కనక జనం గ్రీన్‌కార్డన్నారు. 1964లో రంగు మార్చేశారు. ఆ తరవాత నీలం, గులాబి, ఇంకా ఏవేవో రంగులు తిరిగి 2010లో మళ్ళీ ఆకుపచ్చకొచ్చింది. నడుమ నలభై ఆరేళ్ళూ రంగుతో పని లేకుండా అందరూ గ్రీన్‌కార్డనే అన్నారు. పిల్లాడికి పెట్టిన ముద్దు పేరు పెద్దయ్యాక కూడా పోదు చూడండి, అలాగన్నమాట.

అసలు మనవాళ్ళకి ఆ కార్డు దొరకడమే నిన్నమొన్నటి సంగతి. 1917లో చేసిన చట్టంతో ఆసియాలో చాలా భాగానికి అమెరికా తలుపులు మూసింది. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వానికే అర్హత లేదంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌కి చదువుకోసం వెళ్ళారు. హార్వర్డులో పరిశోధన చేసి, ఆ పైన లెడర్లీ కంపెనీలో మందులు కనిపెట్టి, ఎన్ని లక్షల ప్రాణాలు నిలబెట్టారో మనం చదువుకున్నాం. పాతికేళ్ళు అక్కడ ఉండి కూడా అమెరికా పౌరుడు కాకుండానే 1948లో ఆయన కన్నుమూశారు. మళ్ళీ స్వదేశం రాలేదు. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన్ని ఆవిడ మళ్ళీ చూడనేలేదు. సుబ్బారావుగారి గొప్పతనం గురించి ఎక్కడ చదివినా నాకు ముందు ఆవిడే గుర్తొస్తారు. ఏ కాలెండర్లో ఏ సున్నాలు చుట్టుకున్నారో ఆవిడ!

1946లో సంవత్సరానికి వందమంది భారతీయులకి దారి వదిలారు. నిజంగా తలుపు తెరుచుకున్నది 1965 చట్టంతో. అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర కూర్చుని దాని మీద సంతకం చేశాడు. గుంటూరు, విశాఖపట్నం మెడికల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లూ, ఆ వెనకే ఇంజనీర్లూ వెళ్ళింది ఆ సంతకం చలవే. అందులోనే ఇంకో మెలిక ఉంది. పౌరులైన పిల్లలు తమ తల్లిదండ్రులని రప్పించుకోవాలంటే దేశానికి ఇంతమంది అన్న కోటా వర్తించదని రాశారు. అక్కాచెల్లెళ్ళకీ అన్నదమ్ములకీ ఏళ్ళ తరబడి ఎదురుచూపు. అమ్మానాన్నలకి మాత్రం వరస లేదు. గుడివాడ, బందరు, అవనిగడ్డ వీధుల్లో గ్రీన్‌కార్డున్న అమ్మమ్మలూ, తాతయ్యలూ కనపడడం వెనక కథ ఇదే.

అత్తయ్య మొదటి నాలుగైదేళ్ళూ ఉత్సాహంగానే తిరిగింది. దివిసీమలో వరి కోతలయ్యాక ఆ మాగాణిలోనే మినుము ఉంటుంది. ఆ మినుము ఇంటికి చేరగానే ప్రయాణం. పెట్టెలో సున్నుండలు, బందరు లడ్డు, ఆవకాయ, కందిపొడి. అసలు గాజులు గుడివాడ బాంకు లాకర్లో పెట్టి చేతులకి చిలకలపూడి రోల్డ్‌గోల్డు గాజులు. “దొంగలకి తెలీదు, ఆఫీసర్లకీ తెలీదు” అని నవ్వేది. కాళ్ళు గట్టిగా ఉన్నా విమానాశ్రయంలో చక్రాల కుర్చీ. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకి ఆ కుర్చీ నడిపే అబ్బాయే దుబాసీ, దిక్సూచీ కూడాను. మళ్ళీ కార్తీకంలో మామయ్య ఆబ్దికానికి ఇక్కడ ఉండాలి. ఆ పైన కోతలు, కౌలు లెక్కలు. అలా అక్కడ ఐదు నెలలు, ఇక్కడ ఏడు నెలలుగా బతుకు నడిచింది. ఆ ఏడు నెలల దగ్గరే పేచీ వచ్చింది.

1996లో అమెరికా వాళ్ళు ఒక మార్పు చేశారు. కార్డున్న మనిషి ఏకబిగిన నూట ఎనభై రోజులు దాటి బయట ఉండి వస్తే, ఇంటికి తిరిగొచ్చిన మనిషిలా కాక కొత్తగా లోపలికి రాదలచిన మనిషిలా ప్రశ్నించవచ్చు. ఏడాది గడిచిపోతే ఆ కార్డు ప్రయాణానికే చెల్లదు. ముందే అనుమతి పత్రం తీసుకుంటే రెండేళ్ళదాకా గడువు. దానికి అమెరికాలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి, అక్కడే వేలిముద్రలు వెయ్యాలి.

చాలామంది ఇది ఒట్టి రోజుల లెక్కనుకుంటారు. ‘ఆర్నెల్లలోపు ఒకసారి మొహం చూపించి వస్తే చాలు’ అని పెళ్ళి పందిళ్ళలో పెద్దవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ధైర్యం చెప్పుకోవడం నేనే విన్నాను. అలా అనుకున్న ఒకావిడ కథ ఉంది. జమైకా దేశస్థురాలు. సొంతూళ్ళో అద్దె గదుల ఇల్లు నడుపుకుంటూ, ఏడాదిలో పదకొండు నెలలు అక్కడే ఉండి, ఒక్క నెల అమెరికా వచ్చి పోయేది. ఏనాడూ ఏడాది గడువు మీరలేదు. అయినా 1975లో అక్కడి అప్పీలు బోర్డువాళ్ళు ఏమన్నారంటే, నీ ఇల్లూ పనీ అక్కడున్నాయి, నువ్వు ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తున్నావు, కనక హక్కు వదులుకున్నట్టే అన్నారు. దానికి ఏడాది ముందే, 1974లో, సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. మెక్సికోలోనూ, కెనడాలోనూ కాపురం ఉంటూ పొద్దున్నే సరిహద్దు దాటి అమెరికాలో పనిచేసి రాత్రికి ఇంటికెళ్ళే కార్డుదారుల హక్కు చెల్లుతుందంది! అక్కడ పనిచేస్తే చాలు, ఎక్కడ పడుకున్నా ఫరవాలేదన్నమాట. మనవణ్ణి ఎత్తుకోవడం, కూతురింట్లో అంట్లు సర్దడం ఎవరి లెక్కలోకీ రాని పనులు కనక మా అత్తయ్యకి ఆ తీర్పు అక్కరకి రాలేదు.

కెనడావాళ్ళే నయమనిపిస్తుంది నాకు. 2002 నుంచి అక్కడ ఐదేళ్ళలో 730 రోజులుంటే చాలు. వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. అమెరికాలో మనసు లెక్క. బయటికి వెళ్ళేటప్పుడు తిరిగి రావాలని నీ మనసులో ఉందా లేదా అని చూస్తారు. మనసుని ఎలా చూపిస్తాం? కాగితాల్లో చూపించాలట. ఇంటి పత్రం, కరెంటు బిల్లు, బాంకు ఖాతా, కారు లైసెన్సు, పన్ను రసీదు. ఇప్పుడు చెప్పండి, అల్లుడింట్లో ఉండే అత్తగారి పేరున వీటిలో ఏది ఉంటుంది? ఇల్లు అల్లుడిది, కారు కూతురిది, ఫోను వాళ్ళిద్దరి లెక్కలోది. ఆవిడ పేరున అక్కడున్నదల్లా వారానికి సరిపడా మాత్రల డబ్బా. నాగాయలంక వైపు వచ్చి చూడండి, పాసు పుస్తకం ఆవిడ పేరు, కరెంటు మీటరు ఆవిడ పేరు, ఓటు ఆవిడది, గుళ్ళో అన్నదానం పలక మీద పేరూ ఆవిడదే. మామయ్య పోయాక ఒంటి చేత్తో సంపాదించుకున్న పెద్దరికమంతా ఆ పరీక్షలో ఆవిడకి ఎదురు సాక్ష్యమైంది.

పన్ను సంగతి చెప్పనే లేదు. శాశ్వత నివాసులు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి చెప్పుకోవాలి. నేను నివాసిని కానని రాసి పన్ను తప్పించుకుంటే, అదే కార్డు వదులుకున్నందుకు సాక్ష్యమవుతుంది. అందుకని ఏటా ఎకరాకి ఎన్ని బస్తాల కౌలొచ్చిందో మా వదిన డాలర్లలోకి మార్చి వాషింగ్టన్‌కి విన్నవించుకునేది. ఇక్కడి ఆదాయపు పన్నువాళ్ళు ఊరుకుంటారా? 182 రోజులు ఇక్కడున్నావంటే నువ్వు మా నివాసివే అంటారు. ఒక మనిషి కోసం రెండు ప్రభుత్వాలు పోటీపడడం చూసి, “నాకింత గిరాకీ పెళ్ళిచూపులప్పుడు కూడా లేదే” అంది అత్తయ్య.

బందరు వెళ్ళినప్పుడల్లా నాకు ఈ మాటలే గుర్తొస్తుంటాయి. ఒకప్పుడు కార్డుల కోసం తిరిగినవాళ్ళు అటువాళ్ళే! డచ్చివాళ్ళు, వాళ్ళ వెనకే 1611లో ఇంగ్లీషువాళ్ళు గోలకొండ నవాబుల ఫర్మానాలు పట్టుకునే మచిలీపట్నంలో కాపురం పెట్టారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని ఈనాటికీ ఆ పేర్లున్నాయి. వలందులంటే హాలండువాళ్ళు, పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. వాళ్ళు నిజంగా శాశ్వత నివాసులైపోయారు. ఫ్రెంచివాళ్ళయితే వ్యాపారమూ అధికారమూ పోయాక కూడా కాస్త జాగా మాత్రం తమదంటూ అట్టేపెట్టుకుని, 1947 అక్టోబరులోగాని మనకి అప్పగించలేదు. మళ్ళీ వస్తామో రామో తెలియకపోయినా తాళంచెవి మాత్రం ఇవ్వబుద్ధి కాకపోవడం దొరలకీ ఉందన్నమాట.

మనవాళ్ళు ఒకప్పుడు గుంపులు గుంపులుగా వెళ్ళిన పరాయిచోటు రంగూన్. బర్మాలో 1931 జనాభా లెక్కల నాటికి పదిలక్షలకు పైగా భారతీయులున్నారు. రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళదే పెద్ద చెయ్యి. కోరంగి రేవునుంచి వచ్చేవాళ్ళు కనక అక్కడ ‘కోరంగీలు’ అని పేరు. 1930లో రేవులో పనికోసం వాళ్ళకీ బర్మీయులకీ రక్తపాతం జరిగింది. 1941లో రెండు ప్రభుత్వాలూ ఒక ఒడంబడిక రాసుకున్నాయి. అందులో ఏముందో చదివి నేను ఉలిక్కిపడ్డాను. మొత్తం ఏడేళ్ళు బర్మాలో ఉన్నట్టు రుజువు చేసుకున్న భారతీయుడికి అక్కడ ఉండే ప్రత్యేక హక్కు. ఆ తరవాత ఏకబిగిన ఏడాది మించి దేశంలో లేకపోతే ఆ హక్కు పోతుంది! మా అత్తయ్య కార్డు వెనక ఉన్న ఏడాది గడువే, అక్షరాలా. గాంధీగారు ఆ ఒడంబడికని గట్టిగా ఖండించారు. రేవుకూలీ ఏ కాగితంతో ఏడేళ్ళు రుజువు చేసుకుంటాడు? ఆ చిక్కు తేలకుండానే డిసెంబరులో జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. లక్షలమంది అడవులు పట్టి నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. యుద్ధం తరవాత తిరిగెళ్ళి నిలదొక్కుకున్నవాళ్ళూ 1960ల్లో మళ్ళీ కట్టుబట్టలతో ఓడలెక్కవలసి వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట అలా వెలిసిందే.

తిరిగి అత్తయ్య దగ్గరికి వస్తాను. 2018లో విమానాశ్రయంలో ఒక అధికారి ఆవిడని పక్కన కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలు వేశాడు. ఎక్కడుంటావు? అక్కడ నీకేముంది? ఇక్కడ నీకేముంది? దుబాసీ ఫోన్లో ఉన్నాడు. అత్తయ్య అబద్ధం ఆడే మనిషి కాదు. “అక్కడ ఇల్లుంది, పొలం ఉంది, ఇక్కడ నా కూతురుంది” అంది. ఆయన కార్డు తిరిగిచ్చి, వచ్చేసారికి ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. ఇలాంటిచోట పెద్దవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. హక్కు వదులుకుంటున్నానని అక్కడికక్కడే సంతకం పెట్టమంటే పెట్టనక్కర్లేదు. న్యాయమూర్తి ముందు చెప్పుకుంటానని అడగవచ్చు. అప్పుడు రుజువు చేసే భారం ప్రభుత్వానిదే.

వదిన హడలిపోయి ఆ వేసవిలోనే రెండేళ్ళ అనుమతి పత్రం తీయించింది. “అమ్మా, ఇంక ఇక్కడే ఉండిపో. అరవై అయిదు దాటాక ఇక్కడి వైద్యం ఖర్చు ప్రభుత్వం ఇస్తుంది, దానికి ఏకధాటిగా అయిదేళ్ళుండాలి” అని బతిమాలింది. పౌరసత్వం తీసుకుంటే గొడవే లేదు కదా అంటారా? దానికీ అయిదేళ్ళలో ముప్ఫై నెలలు అక్కడ ఉండాలి, ఇంగ్లీషులో పరీక్ష నెగ్గాలి. యాభై అయిదు దాటి, పదిహేనేళ్ళు కార్డుతో అక్కడున్నవాళ్ళకి ఇంగ్లీషు మినహాయింపు ఉంది.

వదిన బాధ నాకు అర్థమవుతుంది. ఆ పిల్ల పుట్టుకే అలాంటిది. 1977లో అత్తయ్య పురిటికి గుడివాడ వచ్చింది. నవంబరు 19న ఉప్పెన. దివిసీమలో కొబ్బరిచెట్టంత కెరటం వచ్చిందని చెప్పుకునేవారు. సుమారు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. అంతకు ఎక్కువేనని ఊళ్ళవాళ్ళ లెక్క. అత్తయ్య అత్తగారు పోయింది. మామయ్య తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉండి బతికాడు. నెలల పిల్లనెత్తుకుని అత్తయ్య వెళ్ళేసరికి ఇల్లు లేదు, ఇంటి గుర్తుగా నూతిగట్టు ఉంది. మా తాతయ్య గుడివాడలోనే ఉండిపొమ్మని ఎంతో చెప్పాడట. “ఆయన అక్కడుంటే నేనిక్కడేం చెయ్యను” అని వెళ్ళి, ఆ నూతిగట్టు పక్కనే పాక వేయించింది. ఉప్పు పేరుకున్న పొలం మళ్ళీ పంటకి రావడం కళ్ళారా చూసింది. ఆ ఇంట్లో ఎన్ని రోజులున్నావని ఎవరూ అడగలేదు మరి.

2020లో మినుము ఇంటికొచ్చేసరికి విమానాలు ఆగిపోయాయి. అనుమతి పత్రం గడువు ఇంట్లో కూర్చునుండగానే దాటిపోయింది. ప్రభుత్వం వేసిన ప్రత్యేక విమానాల్లో చాలామంది కార్డుదారులు వెళ్ళారు. అత్తయ్య భయపడింది. తిరిగొచ్చే నివాసి వీసా అని ఒకటుంది. ఆలస్యం నా చేతిలో లేని కారణం వల్ల అని నిరూపించుకుంటే ఇస్తారు. మహమ్మారి కంటే పెద్ద కారణం ఏముంటుంది? కాగితాలన్నీ సిద్ధం చేశాను. 2022 వేసవిలో వసారాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. ‘నేను తిరిగి వెళ్ళి స్థిరంగా ఉండాలనే ఉద్దేశంతోనే ఉన్నాను’ అన్న వాక్యం దగ్గర ఆపమంది.

“అది నేను అనలేదుగా అమ్మడూ.”

“అలా రాస్తేనే ఇస్తారు అత్తయ్యా.”

“ఇస్తారు సరే. రేపు నా కూతురు ఇది నిజమనుకుంటే?”

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రాత్రి ఫోన్లో తల్లీ కూతుళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏడుపు వినపడింది కాని ఎవరిదో నాకు తెలీలేదు. నాలుగు రోజుల తరవాత వదినే ఇంకో ఫారం పంపించింది. హక్కుని స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టు రాసిచ్చేది. “విడాకుల కాగితమా ఇది?” అంది అత్తయ్య. తెలుగులో సంతకం చేసింది. కార్డుని ఒకసారి చీర కొంగుతో తుడిచి, అందులో తన ఫోటో చూసుకుని, “నల్లగా తీశాడు” అంటూ కవర్లో పెట్టింది. నేనే అవనిగడ్డ తీసుకెళ్ళి పోస్టు చేశాను.

తరవాత సందర్శకుల వీసాకి పెట్టాం. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే ఏడాదిన్నర పట్టింది. 2024లో నానక్‌రామ్‌గూడలో అమెరికావాళ్ళ కొత్త భవనానికి వెళ్ళాం. అక్కడ మళ్ళీ అదే ప్రశ్న. మీకు ఇక్కడ ఏముంది? ఈసారి ఇల్లుంది, పొలముంది అన్న జవాబే సరైన జవాబయింది. ఆరేళ్ళ కిందట ఏ మాటకి ఆవిడని పక్కన కూర్చోబెట్టారో, అదే మాటకి పదేళ్ళ వీసా ఇచ్చారు.

మొన్న వెళ్ళినప్పుడు ప్రయాణం తేదీ చూడమంటూ కాలెండరు నా ముందు పడేసింది. వెళ్తే ఆర్నెల్లదాకా ఉండనిస్తారు. నేను అలవాటు కొద్దీ పెన్ను తీసి రోజులు లెక్కపెట్టబోయాను.

“సున్నా నువ్వు చుట్టొద్దు, పెన్ను ఇటియ్యి” అంది. ముందు మినుము పీకే రోజులు గుర్తు పెట్టుకుంది. తరవాత ఆబ్దికం తిథి. మధ్యలో మిగిలిన చోట వేలు పెట్టి, “ఇదుగో, ఈ నాలుగు నెలలు దానికి చెప్పు” అంది.